సీఆర్పీ రిపోర్టు చదివే పద్ధతి: రక్తం తీసేవాడి మాట

ల్యాబు రిపోర్టును ఫోటో తీసి ఎవరికైనా పంపేటప్పుడు, దయచేసి కాగితం నాలుగు మూలలూ కనబడేలా తీయండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులున్న అలిపిరి రోడ్డుకు కాస్త ఎడంగా ఒక చిన్న ల్యాబు ఉంది. అందులో రక్తం తీయడం, పరీక్ష చేయడం నా ఉద్యోగం. పగలంతా ఆ పని. రాత్రయితే పుత్తూరు, పాకాల, పీలేరుల నుంచి బంధువులు ఫోనులో పంపే రిపోర్టులకు జవాబు చెప్పడం. వచ్చే ఫోటోల్లో చాలావాటికి ఒకే ఒక్క గడి ఉంటుంది. దాని కింద, “సీఆర్పీ 24 వచ్చింది మామా, భయపడాలా?” అని ఒక వాక్యం. సీఆర్పీ అంటే సి-రియాక్టివ్ ప్రొటీన్, ఒంట్లో వాపో ఇన్ఫెక్షనో ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీను. ఆ 24 పక్కన ఉండవలసిన యూనిట్ ఫోటోలో పడలేదు. రక్తం ఏ రోజు, ఏ వేళకు తీశారో పడలేదు. ఎవరిదో, వయసెంతో అసలే లేదు. ఒంటరిగా మిగిలిన ఆ రెండంకెలను పట్టుకుని ధైర్యం చెప్పమంటే నా వల్ల కాదు.

నేను డాక్టరును కాను, మందులు చెప్పను. రిపోర్టును ఎలా చదవాలో, డాక్టరు ముందు కూర్చునే లోపు ఏమేమి సిద్ధం చేసుకోవాలో మాత్రం చెప్పగలను. నా దృష్టిలో సీఆర్పీ విషయంలో అంకె కంటే ముందు చూడవలసినవి రెండు: యూనిట్, సమయం. ఈ రెండూ తెలియకుండా చదివిన అంకె లేనిపోని భయమైనా పెడుతుంది, లేనిపోని ధైర్యమైనా ఇస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం.

ఇది ఎక్కడి నుంచి వస్తుంది

సి-రియాక్టివ్ ప్రొటీన్‌ను 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు. న్యుమోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీసిన సి-పాలిశాకరైడ్ అనే పదార్థాన్ని కలిపితే ఆ రోగుల సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే పసుపు నీరు, మసకబారి తెట్టెలు కట్టేది. జబ్బు నయమయ్యాక అదే మనిషి సీరానికి అలా జరిగేది కాదు. పేరులో ఉన్న సి అక్షరం అక్కడిది. విటమిన్ సి అనుకుని, పరీక్షకు ముందు నిమ్మరసం తాగాలా మానాలా అని అడిగినవాళ్లు నాకు తెలుసు.

సీఆర్పీ పెరగగానే “రక్తంలో ఇన్ఫెక్షన్ ఎక్కింది” అనడం మన దగ్గర మామూలు. నిజానికి ఇది రక్తంలో పుట్టేది కాదు, కాలేయంలో తయారయ్యేది. ఊపిరితిత్తుల్లోనో, మూత్రనాళంలోనో, పుచ్చిపోయిన పంటి కిందనో సూక్ష్మజీవి చేరిందనుకోండి. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాల మీద టోల్ గ్రాహకాలనే ప్రొటీన్లు ఉంటాయి. బ్యాక్టీరియా గోడ ముక్కల్లాంటి పరాయి పదార్థాలు తగలగానే ఇవి గుర్తుపడతాయి. జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో చిన్న ఈగల్లో టోల్ జన్యువు చేసే ఈ పనిని చూపింది. 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం ఎలుకల్లో అలాంటి గ్రాహకాన్నే చూపింది. ఆ ఇద్దరికీ 2011 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పుట్టుకతో మనకు ఉండే ఈ రోగనిరోధక ఏర్పాటుకు వారాల తరబడి నేర్చుకునే అవసరం లేదు. గంటల్లో పని మొదలుపెడుతుంది.

గ్రాహకానికి పరాయి పదార్థం తగిలాక కణం లోపల ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీను కేంద్రకంలోకి చేరి కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది. ఫలితంగా ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ అనే సంకేత ప్రొటీన్లు బయటికొస్తాయి. జ్వరం తెప్పించేవీ, ఒళ్లు నొప్పులు పెట్టేవీ, అన్నం సహించకుండా చేసేవీ ఇవే. వీటిలో ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. కాలేయం సీఆర్పీ, ఫైబ్రినోజెన్, ఫెరిటిన్ వంటివాటి ఉత్పత్తి పెంచుతుంది. అదే సమయంలో, రక్తంలో మామూలుగా ఎక్కువగా ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీను ఉత్పత్తి తగ్గించేస్తుంది.

దీన్ని అదుపులో పెట్టేవి కూడా ప్రొటీన్లే. ఇంటర్‌ల్యూకిన్-10 మాక్రోఫేజ్‌ల దూకుడు తగ్గిస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1కి పోటీగా వెళ్లి దాని గ్రాహకంలో కూర్చుని, ఏ పనీ చేయకుండా దారి మూసేసే ప్రొటీను ఒకటి ఉంది. ఏ20 అనే ఇంకొకటి కణం లోపలే ఎన్‌ఎఫ్-కప్పా-బికి వెళ్లే సంకేతాన్ని తుంచేస్తుంది. ఇవి సరిగా పనిచేయకపోతే సూక్ష్మజీవి చచ్చిపోయినా వాపు, మంట చల్లారవు. మామూలు ల్యాబు రిపోర్టులో ఇవేవీ రావు. మీకు కనబడేది అన్ని సంకేతాలూ కాలేయం దాకా వెళ్లాక చివర్లో తేలిన సీఆర్పీ ఒక్కటే. ఎవరు మొదలుపెట్టారో, ఎక్కడ మొదలైందో అది చెప్పదు.

“సీఆర్పీ తగ్గించే మాత్ర ఏదైనా ఉందా?” అని అడిగేవాళ్లకు ఒక మాట. సీఆర్పీ మీ శత్రువు కాదు. ఒకే రకమైన ఐదు ముక్కలు గుండ్రంగా చేరిన ఆ ప్రొటీను బ్యాక్టీరియా పైన, చచ్చిన కణాల పైన ఉండే ఫాస్ఫోకోలిన్‌కు అతుక్కుంటుంది. కాంప్లిమెంట్ అనే మరో ప్రొటీన్ల గుంపును అక్కడికి రప్పిస్తుంది. వీటిని మింగే కణాల పని దాంతో సులువవుతుంది. తగ్గించవలసింది దాన్ని పెంచుతున్న జబ్బును.

మొదట యూనిట్

సీఆర్పీని కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. రెండింటి మధ్య తేడా పదింతలు. లీటరుకు 24 మిల్లీగ్రాములు అంటే డెసీలీటరుకు 2.4. అదే డెసీలీటరుకు 24 అని ఉంటే లీటరుకు 240. మొదటిది ఓ మోస్తరు పెరుగుదల, రెండోది ఆసుపత్రిలో చేరవలసిన పరిస్థితి కావచ్చు. ఒక ల్యాబులో 3.6, మరో ల్యాబులో 36 వచ్చిందని ఒక కుటుంబం నా దగ్గరికొచ్చి రెండు ల్యాబులనూ తిట్టింది. రెండు కాగితాలూ చెప్పింది ఒకే మాట.

కాబట్టి అంకె పక్కన ఏముందో చూసి, డెసీలీటరు అయితే పదితో గుణించి లీటరు లెక్కలోకి మార్చుకోండి. ఇక్కడి నుంచి నేను వాడేవన్నీ లీటరు లెక్కలే. పక్క గడిలో ఉండే సాధారణ పరిధి కూడా చూడండి. అది 5 అనో, 6 అనో, 10 అనో ఉండటం ల్యాబు యంత్రాన్ని, రసాయనాన్ని బట్టి ఉంటుంది.

తర్వాత పరీక్ష పద్ధతి. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. టర్బిడిమెట్రీ, నెఫెలోమెట్రీ అని ఉంటే యంత్రం కొలిచిన అంకె. లేటెక్స్ స్లైడ్ అని ఉంటే మా లాంటివాళ్లం గాజు పలక మీద సీరం చుక్క, సీఆర్పీని పట్టుకునే సన్నటి రేణువులున్న లేటెక్స్ ద్రావణం చుక్క కలిపి, రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపి, గడ్డలు కడుతున్నాయా లేదా అని కంటితో చూసి చెప్పిన సమాధానం. ఆ పద్ధతి సాధారణంగా 6 దగ్గర మొదలవుతుంది. గడ్డలు కడితే సీరాన్ని సగం పలచన చేసి మళ్లీ చూస్తాం, మళ్లీ సగం, మళ్లీ సగం. అందుకే ఆ రిపోర్టుల్లో 6, 12, 24, 48, 96 అనే అంకెలే తిరుగుతుంటాయి. 17 రాదు, 31 రాదు. స్లైడ్ మీద 24 అంటే 24కూ 48కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చని. మొన్న 48, ఇవాళ 24 వస్తే సగానికి తగ్గిందని సంబరపడకండి, అది ఒక్క మెట్టు తేడా, చూసే కంటిలోనే అంత తేడా రావచ్చు.

స్లైడ్ పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. సీఆర్పీ మరీ ఎక్కువగా ఉన్న సీరంలో, పలచన చేయకుండా చూస్తే కొన్నిసార్లు గడ్డలే కట్టవు. లేటెక్స్ రేణువులన్నిటి మీదా సీఆర్పీ విడివిడిగా నిండిపోయి, ఒకదాన్ని మరొకటి పట్టుకునే చోటు మిగలదు. ఫలితం ‘నెగెటివ్’. రోగి మాత్రం చలిజ్వరంతో వణుకుతుంటాడు. మనిషికీ కాగితానికీ పొంతన లేదనిపిస్తే, “పలచన చేసి మళ్లీ చూడగలరా?” అని ల్యాబులో అడగండి. పని తెలిసిన టెక్నీషియన్ కోపం తెచ్చుకోడు.

తర్వాత గడియారం

ఇక్కడ తొందరపడకండి, రిపోర్టు చదవడంలో సగం పని ఇదే. కాలేయానికి సంకేతం అందిన తర్వాత సీఆర్పీ రక్తంలో పెరగడం మొదలు కావడానికి సుమారు 6 గంటలు పడుతుంది. ఆ తర్వాత దాదాపు 8 గంటలకొకసారి రెట్టింపవుతూ, 48 గంటల ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది. సంకేతం ఆగిపోయాక 19 గంటలకు సగం చొప్పున తగ్గుతుంది. ఈ 19 గంటలు అనే లెక్క మనిషిని బట్టి, జబ్బును బట్టి మారదు. మిద్దె మీది నీళ్ల ట్యాంకుకు అడుగున ఎప్పుడూ ఒకే మోతాదులో కారే చిల్లు ఉందనుకోండి, అందులో నీటి మట్టం చెప్పేది పైనుంచి మోటారు ఎంత పోస్తోందన్నది మాత్రమే. సీఆర్పీ కూడా అంతే. మట్టం దిగడం లేదంటే మోటారు ఇంకా నడుస్తోంది.

దీన్నిబట్టి రెండు సంగతులు. రాత్రి పది గంటలకు బిడ్డకు జ్వరం వస్తే, తెల్లవారి ఆరింటికే ల్యాబు తలుపు తట్టే తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ అప్పుడు తీసిన రక్తంలో సీఆర్పీ 4 వస్తే దాని అర్థం ‘ఇన్ఫెక్షన్ లేదు’ అని కాదు, ‘ఇంకా తెలియలేదు’ అని. జ్వరం మొదలైన గంట, రక్తం ఇచ్చిన గంట రెండూ రాసిపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. అవసరమైతే ఆయనే మర్నాడు మళ్లీ చూడమంటారు. మరీ పసిబిడ్డకు, అంటే మూడు నెలల లోపు వాళ్లకు, జ్వరం వస్తే ఈ లెక్కలేవీ వద్దు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

రెండోది తగ్గే తీరు. మందు పనిచేసి సంకేతం పూర్తిగా ఆగితే 120 ఉన్నది ఒక రోజుకు 50 దగ్గరికి, రెండు రోజులకు 20 దగ్గరికి రావాలి. నిజ జీవితంలో సంకేతం ఒక్కసారిగా ఆగదు కాబట్టి ఇంకొంత నెమ్మదిగా దిగుతుంది. కానీ రెండు రోజుల తర్వాత కూడా 120 కాస్తా 112 అయిందంటే ‘తగ్గుతోంది’ అని చెప్పుకోవడంలో అర్థం లేదు. ఆ మాట డాక్టరుకు చెప్పాలి. మందు సరిపోలేదా, ఎక్కడైనా చీము పట్టిందా, అసలు జబ్బే వేరా అనేది ఆయన చూసుకుంటారు. ఈ పోలిక కుదరాలంటే రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో జరగాలి. మా ల్యాబుకే రమ్మని చెప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే చేయించండి.

ఆపరేషన్ అయినవాళ్లకు లెక్క కొంచెం వేరు. కోత పెట్టడమే ఒంటికి గాయం కాబట్టి, సూక్ష్మజీవి ఏదీ లేకపోయినా రెండో రోజు, మూడో రోజుకు సీఆర్పీ వంద దాటడం వింతేమీ కాదు. అక్కడి నుంచి దిగుతూ రావాలి. దిగినట్టే దిగి, నాలుగో రోజు తర్వాత మళ్లీ ఎక్కితే డాక్టర్లు గాయం వైపు అనుమానంగా చూస్తారు.

ఇప్పుడు అంకె

10 లోపు, జ్వరం లేని మనిషిలో, సాధారణంగా పట్టించుకోవలసింది కాదు. ఒళ్లు బరువైనవాళ్లలో, పొగ తాగేవాళ్లలో, చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడేవాళ్లలో కొంచెం ఎక్కువగా ఉండటం సహజం. 10 నుంచి 40 వరకు వైరస్ జ్వరాలు, చిన్నపాటి బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు, కీళ్లవాతాలు అన్నీ కలగలిసి ఉంటాయి. వంద దాటితే బ్యాక్టీరియా మీద అనుమానం బలపడుతుంది. అనుమానమే, తీర్పు కాదు. పెద్ద గాయాలు, పాంక్రియాస్ వాపు, కొన్ని వైరస్ జబ్బులు కూడా వంద దాటిస్తాయి.

మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో ల్యాబు బెంచీ మీద చోటుండదు. వచ్చిన ప్రతివాళ్లకూ డెంగీ భయమే. డెంగీలో సీఆర్పీ సాధారణంగా తక్కువగానే పెరుగుతుంది. అక్కడ చూడవలసినవి ప్లేట్‌లెట్లు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వాటా). స్క్రబ్ టైఫస్‌లో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, కానీ సీఆర్పీ సాధారణంగా బాగా ఎక్కువ ఉంటుంది. పొదల్లో ఉండే సన్నటి పురుగుల పిల్లలు కుట్టడం వల్ల వచ్చే ఈ జబ్బు శేషాచలం కొండల చుట్టుపక్కల పొలాలు, తోటలు ఉన్న మన జిల్లాలకు కొత్త కాదు. ప్లేట్‌లెట్లు తక్కువ, సీఆర్పీ ఎక్కువ అని రెండూ కలిసి కనబడినప్పుడు, ఇంటికెళ్లి చంకల్లో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుము మడతల్లో వెతకండి. నొప్పి లేని నల్లటి పక్కు ఒకటి, సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది. సిగ్గుపడి దాన్ని దాచవద్దు, డాక్టరుకు చూపించండి. పక్కు అందరికీ కనబడదు కాబట్టి అది లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ అనే పాత, చవకైన మందు బాగా పనిచేస్తుంది. అది అందడం ఆలస్యమైతేనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మందు మీరే కొని వేసుకోమని మాత్రం కాదు.

రక్తం ఇవ్వడానికి ముందు

సీఆర్పీ కోసం పస్తు ఉండనక్కరలేదు. ఖాళీ కడుపుతో వచ్చి నా కుర్చీలో కళ్లు తిరిగి పడిపోయే కుర్రాళ్లకు ఈ మాట మరీ మరీ చెబుతున్నాను. చక్కెర, కొవ్వు పరీక్షలు కూడా కలిపి రాసి ఉంటే అప్పుడు వేరు.

దర్శనానికి వచ్చి, పనిలో పని అని మొత్తం ఒంటి పరీక్షల ప్యాకేజీ చేయించుకునే యాత్రికులు ఉంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, లేదా శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, మర్నాడు పొద్దున్నే చెయ్యి చాపుతారు. అలవాటు లేని కండరాలు అంత శ్రమ పడితే అవి కూడా ఇంటర్‌ల్యూకిన్-6 వదులుతాయి. మర్నాటికి సీఆర్పీ కొద్దిగా పెరగవచ్చు. సీపీకే అనే కండరాల ఎంజైము అయితే ఇంకా ఎక్కువ పెరుగుతుంది, దానితోపాటు కాలేయ పరీక్షల్లో కనబడే, కండరాల్లో కూడా ఉండే ఎస్జీఓటీ అనే ఎంజైము కూడా. ఇవన్నీ చూసి కాలేయం పాడైందని ఊరికి వెళ్లేదాకా ఏడ్చుకుంటూ పోతారు. ఒంట్లో బాగుండి చేయించుకునే పరీక్షలైతే మెట్లు ఎక్కిన వారం తర్వాత మీ ఊళ్లోనే చేయించుకోండి. స్వామి ఎక్కడికీ పోడు, ల్యాబూ పోదు.

హైసెన్సిటివ్ సీఆర్పీకి ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. ఇది వేరే ప్రొటీను కాదు, అదే సీఆర్పీని చాలా తక్కువ మోతాదులో కూడా పట్టుకునే పరీక్ష, గుండెపోటు ముప్పు అంచనాకు వాడేది. 1 లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 పైన ఎక్కువ. జలుబు, దగ్గు, పంటినొప్పి ఉన్న రోజుల్లో చేయిస్తే ఆ లెక్క చెల్లదు. 10 దాటితే దాన్ని గుండెకు అంటగట్టకుండా, ఒంట్లో బాగయ్యాక రెండు వారాలకు మళ్లీ చేయించాలి.

పనిలో పనిగా ఒక చరిత్ర. కానాకినుమాబ్ అనే మందు ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను కట్టేస్తుంది. ఇదివరకు గుండెపోటు వచ్చి, సీఆర్పీ కొంచెం ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా రోగుల మీద దాన్ని పరీక్షించి 2017లో ఫలితాలు చెప్పారు. కొలెస్టరాల్‌ను ముట్టుకోకుండానే సీఆర్పీ తగ్గింది, మళ్లీ గుండెపోట్లు కొంత తగ్గాయి. కానీ ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. వాపు ప్రక్రియను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను, బలవంతంగా అణచితే చెల్లించవలసిన ధర అది. “రోగనిరోధక శక్తి పెంచే పొడి”, “ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే కషాయం” రెండూ ఒకే సంచిలో అమ్మేవాళ్లను నేను నమ్మను. పసుపు పాలు తాగాలనిపిస్తే తాగండి, కానీ దాని ఫలితం చూడటానికి వారం వారం సీఆర్పీకి డబ్బు తగలేయకండి.

ఇక ఇంజెక్షన్ల సంగతి. ఊళ్లో జ్వరానికి ఏదో సూది వేయించుకుని, అది ఏ మందో తెలియకుండా మా దగ్గరికి వస్తారు. అందులో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే అది ఎన్‌ఎఫ్-కప్పా-బి దారిని అణచేస్తుంది. జ్వరం దిగుతుంది, సీఆర్పీ దిగుతుంది, సూక్ష్మజీవి మాత్రం హాయిగా పెరుగుతూ ఉండవచ్చు. కరోనా కాలంలో స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడిన మాట నిజమే. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనం అదే చూపింది. అయితే ఆక్సిజన్ అవసరమైన రోగుల్లోనే ఆ మేలు కనిపించింది, అవసరం లేనివాళ్లలో కనిపించలేదు. 2021 వేసవిలో సీఆర్పీ కాగితం చూసి మందుల దుకాణంలో స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కున్నవాళ్లకు ఈ రెండో సగం ఎవరూ చెప్పలేదు. కాబట్టి సూది వేయించుకుంటే మందు పేరు కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఖాళీ సీసా ఫోటో తీసుకోండి. పారాసిటమాల్ గురించి దిగులు అక్కరలేదు. అది జ్వరాన్ని దించుతుంది గానీ సీఆర్పీని చెప్పుకోదగ్గంత మార్చదు.

పక్కన ఉండే మిగతా పేర్లు

ఈఎస్ఆర్ పాత పరీక్ష, చవకైనది, నిదానమైనది. ఎర్ర కణాలు గంటలో ఎంత కిందికి దిగాయన్నదే అది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ఫైబ్రినోజెన్ ఎక్కువైతే పెరుగుతుంది. రక్తహీనత ఉన్నా, వయసు పెరిగినా, గర్భం ధరించినా కూడా పెరుగుతుంది. మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు పది కలిపి సగం చేస్తే వచ్చేది స్థూలంగా గరిష్ఠ పరిమితి. జబ్బు తగ్గినా ఈఎస్ఆర్ దిగడానికి వారాలు పడుతుంది, కాబట్టి సీఆర్పీ మామూలై ఈఎస్ఆర్ మాత్రం ఎక్కువగా ఉంటే కంగారు వద్దు.

ఫెరిటిన్ విషయంలో మన ఆడవాళ్లు ఎక్కువ మోసపోతున్నారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఇది ఇనుమును దాచే ప్రొటీను. ఇనుము తక్కువైతే ఫెరిటిన్ తగ్గాలి. కానీ ఒంట్లో వాపు ప్రక్రియ నడుస్తుంటే కాలేయం, మాక్రోఫేజ్‌లు దీన్ని పెంచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో 15 కంటే తక్కువైతే ఇనుము లోపం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇన్ఫెక్షనో, వాపో ఉన్నప్పుడు ఆ గీతను 70కి జరపమంటుంది. అంటే కీళ్లవాతం ఉన్న ఒకామెకు హిమోగ్లోబిన్ 8, ఫెరిటిన్ 48 వచ్చిందనుకోండి. కాగితం మీద పక్క గడిలో ‘సాధారణం’ అని ఉంటుంది. సీఆర్పీ 35 ఉందని తెలిస్తే, ఆ 48 సాధారణం కాదు, ఇనుము లోపం దాని వెనక దాక్కుని ఉండవచ్చు. ఫెరిటిన్ చేయించే రోజే సీఆర్పీ కూడా చేయించాలా అని డాక్టరును అడగండి. ఇందులో యూనిట్ గొడవ లేదు; మిల్లీలీటరుకు నానోగ్రాములన్నా, లీటరుకు మైక్రోగ్రాములన్నా అంకె అదే.

ప్రొకాల్సిటోనిన్ ఖరీదైన పరీక్ష, బ్యాక్టీరియా వైపు వేలు చూపించడంలో సీఆర్పీ కంటే కొంచెం మెరుగు. ఆసుపత్రిలో చేరినవాళ్లకు పనికొస్తుంది, ఇంట్లో జలుబుకు అక్కరలేదు. కిడ్నీ జబ్బు ఉంటే అదీ పెరిగి కనబడవచ్చు. ఇంటర్‌ల్యూకిన్-6ను నేరుగా కొలిచే పరీక్ష కూడా ఉంది. డాక్టరు రాస్తేనే చేయించండి. ఆల్బుమిన్ తగ్గితే తిండి చాలలేదని గుడ్లు తినిపించడం మొదలుపెడతారు. గుడ్డు మంచిదే గానీ, సీఆర్పీ బాగా ఎక్కువ ఉన్న రోజుల్లో ఆల్బుమిన్ తగ్గడం కాలేయం పని మార్చుకోవడం వల్ల కూడా కావచ్చు.

తక్కువ అంకె మోసగించే మూడు చోట్లు కూడా గుర్తుంచుకోండి. కాలేయం బాగా చెడిపోయినవాళ్లలో సీఆర్పీ తయారుచేసే చోటే దెబ్బతింది కాబట్టి ఇన్ఫెక్షన్ ఉన్నా పెరగవలసినంత పెరగదు. రోగనిరోధక ఏర్పాటు సొంత ఒంటి మీదికే తిరగబడే లూపస్ అనే జబ్బులో ఈఎస్ఆర్ ఎంతో ఎక్కువ ఉన్నా సీఆర్పీ మామూలుగా ఉండటం తరచూ చూస్తాం. వాళ్లలో సీఆర్పీ గట్టిగా పెరిగితే డాక్టర్లు ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతుకుతారు. కీళ్లవాతానికి టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లలో ఆ మందు ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్నే మూసేస్తుంది. కాలేయానికి కబురే అందదు. వాళ్లకు సీఆర్పీ సున్నాకు దగ్గరగా ఉన్నా న్యుమోనియా ఉండవచ్చు. ఈ ముగ్గురిలో ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, కొత్త డాక్టరుకు మొదటి మాటగా ఆ సంగతే చెప్పండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

ఒక తెల్లకాగితం తీసుకోండి. జ్వరం మొదలైన రోజు, వేళ. ఎంత డిగ్రీలు వచ్చింది. రక్తం ఇచ్చిన వేళ. సీఆర్పీ, యూనిట్‌తో సహా. ఇంతకుముందు చేయించిన సీఆర్పీ ఉంటే దాని తేదీ. ఇప్పటిదాకా వేసుకున్న మాత్రలు, సూదులు, నాటుమందులతో సహా. అరపేజీ చాలు. ఫైలు నిండా పదేళ్ల కాగితాలు మోసుకెళ్లి డాక్టరు బల్ల మీద గుమ్మరించేకంటే ఆ అరపేజీ ఎక్కువ పనిచేస్తుంది. అడగవలసిన ప్రశ్నలు కూడా రెండే: “ఇది దేనివల్ల పెరిగిందని అనుకుంటున్నారు సార్?”, “మళ్లీ ఎప్పుడు చూడాలి?” ‘సాధారణంగా ఉంది కదా’, ‘ఎక్కువగా ఉంది కదా’ అని మీరే ముందు తేల్చేసి మాట్లాడకండి.

అసలు ల్యాబు గడప తొక్కకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. ఊపిరి ఆయాసంగా ఉన్నా, మనిషి మగతలో పడి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, చేతులు కాళ్లు చల్లబడి చెమటలు పడుతున్నా, పొద్దున్నుంచి మూత్రం రాకపోయినా సీఆర్పీ ఎంతో తెలుసుకునే ఓపిక పెట్టుకోవద్దు. దగ్గర్లోని ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి నేరుగా తీసుకెళ్లండి. లేకపోతే 108కి ఫోను చేయండి. రక్తం అక్కడ వాళ్లే తీసుకుంటారు.